ఆరు, రెండు, పది: భిలాయి కూడలిలో తెలివైన సిగ్నల్‌కు పనెంత?

మధ్యాహ్నం రెండు గంటలకు ఓ పావుగంట ముందు భిలాయి ఉక్కు కర్మాగారం మెయిన్ గేటుకు వెళ్లే రోడ్డు పక్కన మీరెప్పుడైనా నిలబడ్డారా? అప్పటిదాకా ఖాళీగా పడివున్న రోడ్డు మీదికి సెక్టార్ల వైపు నుంచి మోటారు సైకిళ్లు, స్కూటర్లు, కార్లు, వాటి పక్కనే ఓపిగ్గా తొక్కుకుంటూ వచ్చే సైకిళ్లు ఒక్కసారిగా వచ్చిపడతాయి. రెండు దాటాక అదే వరద ఎదురు దిక్కుకు పారుతుంది. కాసేపటికి రోడ్డు మళ్లీ ఖాళీ. ఉదయం ఆరింటికీ, రాత్రి పదింటికీ ఇదే దృశ్యం.

ఇంత కచ్చితంగా ఎందుకు జరుగుతుంది? బ్లాస్ట్ ఫర్నేసును సాయంత్రం ఆపేసి పొద్దున మళ్లీ ముట్టించడం కుదరదు కనుక. కొలిమి ఆగదు, కనుక షిఫ్టు ఆగదు. షిఫ్టు ఆగదు కనుక రోడ్డు మీద ఆ వరదా ఆగదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం కట్టిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడి రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరైన మా పెదనాన్నగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ సైకిలు మీదే వెళ్లివచ్చారు. "రైలు ఆలస్యం కావచ్చు గాని రెండు గంటలు ఆలస్యం కాదురా" అనేవారు.

ఈ మాట నాకు మళ్లీ ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈ మధ్య ఏ పత్రిక తిరగేసినా 'తెలివైన సిగ్నళ్ల' గురించిన వార్త ఒకటి కనబడుతోంది. పాతవి గుడ్డి దీపాలట, కొత్తవి కళ్లున్న దీపాలట. రోడ్డు మీద ఎన్ని వాహనాలున్నాయో చూసి, పచ్చదీపం ఎంతసేపు వెలగాలో అవే నిర్ణయించుకుంటాయి. ఇంగ్లీషులో వీటిని అడాప్టివ్ సిగ్నళ్లు అంటారు. అనువాదం నా వృత్తి కనుక దీనికి తెలుగు మాట కోసం చాలాసేపు తడుముకున్నాను. చివరికి 'రద్దీని బట్టి మారే సిగ్నల్' అన్నదే ఖాయం చేసుకున్నాను. రెండో రకాన్ని 'పట్టిక సిగ్నల్' అందాం. ముందే రాసిపెట్టిన కాలపట్టిక ప్రకారం అది నడుస్తుంది.

రద్దీని బట్టి మారేది ఎప్పుడూ గొప్పదేనని, పట్టిక ప్రకారం నడిచేది ఎప్పుడూ వెనకబడినదేనని చెప్పే వార్తలతో నాకు పేచీ ఉంది. ఆ పేచీకి ఆధారాలేమిటో ఈ వ్యాసంలో మీ ముందుంచుతాను.

పట్టిక వెనక ఉన్న లెక్క

సిగ్నల్ ఒకసారి పచ్చ, పసుపు, ఎరుపు అన్నీ చూపి మళ్లీ పచ్చకు రావడానికి పట్టే సమయాన్ని ఇంజనీర్లు 'సైకిల్ టైమ్' అంటారు. ఈ కథలో నిజం సైకిళ్లు చాలా ఉన్నాయి కాబట్టి నేను 'చుట్టు' అంటాను. చుట్టు మరీ చిన్నదైతే ఏమవుతుంది? దీపం మారిన ప్రతిసారీ బండ్లు కదలడానికీ, కూడలి ఖాళీ కావడానికీ కొన్ని సెకన్లు వృథా అవుతాయి. దీపం తరచుగా మారితే ఈ వృథా పెరిగిపోతుంది. మరీ పెద్దదైతే ఖాళీ రోడ్డుకు పచ్చదీపం వెలుగుతూ ఉంటుంది, అవతలి వాళ్లు ఎండలో నిలబడి ఉంటారు. ఈ రెంటికీ మధ్య సరైన విలువ ఎక్కడుందో బ్రిటన్ రోడ్డు పరిశోధనాలయంలో పనిచేసిన ఎఫ్.వి. వెబ్‌స్టర్ 1958లో ఒక సూత్రంగా చెప్పాడు. పదో తరగతి చదివినవారెవరైనా వేయగల లెక్క అది:

చుట్టు = (1.5 × వృథా సమయం + 5) ÷ (1 − రద్దీ నిష్పత్తి)

రద్దీ నిష్పత్తి అంటే ఏమిటి? ఒక దారిలో గంటకు వచ్చే వాహనాలను, గంటంతా పచ్చదీపమే ఉంటే ఆ దారిలో గరిష్ఠంగా వెళ్లగల వాహనాలతో భాగించండి. ఏడు మీటర్ల వెడల్పున్న దారిలో సుమారు 3,675 కార్లకు సమానమైన వాహనాలు వెళ్లగలవని వెబ్‌స్టర్ లెక్క (మీటరుకు 525 చొప్పున). అక్కడికి గంటకు 1,470 వస్తే నిష్పత్తి 0.4 అన్నమాట. అడ్డంగా వచ్చే దారిలో 0.3 అనుకుందాం. రెండూ కలిపితే 0.7. వృథా సమయం 10 సెకన్లయితే, 20ని 0.3తో భాగించాలి. సుమారు 67 సెకన్ల చుట్టు వస్తుంది.

ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు గంటలనుకోండి. షిఫ్టు లోపల పనిలో ఉంది, రోడ్డు మీద సగం బండ్లే ఉన్నాయి. నిష్పత్తి 0.35 అయితే చుట్టు 31 సెకన్లు చాలు. అదే రెండు గంటల వేళ నిష్పత్తి 0.9కి చేరిందనుకోండి, సూత్రం 200 సెకన్లు అడుగుతుంది! నిష్పత్తి 1కి చేరితే ఏమవుతుందో మీరే భాగించి చూడండి. అప్పుడు ఏ చుట్టూ చాలదని గణితమే చెబుతుంది. వచ్చే బండ్లు పోగల బండ్ల కంటే ఎక్కువైన చోట ఎంత తెలివైన దీపమైనా దారిని వెడల్పు చేయలేదు.

(ఇవి నేను వేసుకున్న ఉదాహరణ అంకెలే. భిలాయిలో ఏ కూడలివీ కావు.)

వెబ్‌స్టర్ ఇంకొక సంగతి కూడా గమనించాడు. దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. చుట్టు సరైన విలువకు ముప్పావు వంతు నుంచి ఒకటిన్నర రెట్ల దాకా ఎక్కడున్నా, ఆలస్యం 10 నుంచి 20 శాతానికి మించి పెరగదట. పైన వచ్చిన 67కు బదులు మీరు 60 పెట్టినా, 80 పెట్టినా కొంప మునగదు. పట్టిక సిగ్నల్‌కు ఈ పాటి సహనం ఉంది కనుకనే అది ఇన్ని దశాబ్దాలు ప్రపంచమంతటా నిలిచింది. సెకను సెకనుకూ సరిచేస్తే ఎంతో లాభం ఉంటుందన్న ఊహకు ఇక్కడే మొదటి దెబ్బ.

దేనితో పోల్చారు?

పట్టిక సిగ్నల్ అనగానే చాలామంది ఒకే పట్టికను ఊహించుకుంటారు. పొద్దుటినుంచి రాత్రి దాకా అదే 120 సెకన్లు. అలాంటిది నిజంగానే చెడ్డది. మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ కూడలిలో నిమిషం పైగా నిలబెట్టే దీపాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు. కాని గడియారం ఉన్న ఏ సిగ్నల్ పెట్టెలోనైనా నాలుగైదు పట్టికలు ఉంచవచ్చు. తెల్లవారుజామున ఒకటి, బడి వేళకు ఒకటి, షిఫ్టు మారే వేళకు ఒకటి, సాయంత్రం బజారు రద్దీకి ఒకటి. భిలాయి లాంటి ఊరికి దీనికంటే సహజమైన ఏర్పాటు ఏముంటుంది?

రద్దీని బట్టి మారే సిగ్నళ్ల వ్యవస్థల్లో పేరుపొందినవి రెండు. 1970ల్లో సిడ్నీలో పుట్టిన స్కాట్స్ ఒకటి, బ్రిటన్‌లో గ్లాస్గో, కొవెంట్రీ నగరాల్లో పరీక్షించి 1981లో ఫలితాలు ప్రకటించిన స్కూట్ రెండోది. స్కూట్ పరీక్షించిన వాళ్లు నిజాయితీపరులు. దాన్ని పాతబడిన పట్టికలతో కాక, అప్పుడే కొత్తగా తయారుచేసిన మంచి పట్టికలతో పోల్చారు. ఆలస్యం సగటున 12 శాతం తగ్గింది. చెప్పుకోదగ్గ ఫలితమే, సందేహం లేదు. అయితే 1986లో బెల్, బ్రెథర్టన్ అనే పరిశోధకులు పట్టికలు ఎంత త్వరగా పాతబడతాయో లెక్కవేశారు. ఏడాదికి సుమారు 3 శాతం చొప్పున వాటి లాభం తరిగిపోతుందని తేలింది. అంటే నాలుగేళ్లు ఎవరూ పట్టించుకోని పట్టిక, కొత్త పట్టిక కంటే 12 శాతం వెనకబడుతుంది.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. స్కూట్‌కు వచ్చిన లాభమూ 12, నాలుగేళ్ల నిర్లక్ష్యం వల్ల వచ్చే నష్టమూ 12. ఏ ఊళ్లోనైనా పదేళ్లుగా ఎవరూ తాకని పట్టికను తీసేసి కొత్త వ్యవస్థ పెట్టి, 'ఆలస్యం ఎంతో తగ్గింది' అని ప్రకటిస్తే, ఆ తగ్గుదలలో ఎంత భాగం కంప్యూటరుది, ఎంత భాగం కేవలం ఎవరో ఒకరు మళ్లీ లెక్కవేసినందుకు వచ్చింది? వార్తలో మీకు సమాధానం దొరకదు. ఎందుకంటే మూడో పోలికను ఎవరూ చేయరు.

మూడో పోలిక చేసిన సందర్భం ఒకటుంది. అది 1970ల్లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో జరిగింది. అక్కడి ప్రభుత్వం ఒకే వీధుల మీద మూడు 'తరాల' నియంత్రణను పరీక్షించింది. మొదటి తరం ముందే తయారుచేసిన పట్టికల్లోంచి ఒకదాన్ని ఎంచుకునేది. రెండోది కొన్ని నిమిషాలకొకసారి కొత్త పట్టికను లెక్కవేసేది. మూడోది అప్పటికప్పుడు రద్దీని బట్టి మారేది. అందరూ మూడోదే గెలుస్తుందనుకున్నారు. కాని మొత్తంమీద మెరుగైన ఫలితాలు మొదటి తరానికి వచ్చాయి. రెండోదాని ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి. మూడో తరం వచ్చాక రాకపోకలు పాత పద్ధతి కంటే అధ్వానమయ్యాయి. అప్పటి కంప్యూటర్లు, కొలత పరికరాలు నేటివాటి ముందు బొమ్మల్లాంటివే, నిజమే. అయినా ఆ వైఫల్యానికి మూలకారణం నేటికీ చెల్లుతుంది. యంత్రం కొలిచేది గడిచిపోయిన నిమిషాన్ని, దీపం వెలిగేది రాబోయే నిమిషానికి. ఈ రెండు నిమిషాలూ ఒకేలా లేనప్పుడు తొందరపడి మారేది తప్పుగా మారుతుంది.

షిఫ్టు వరద ముందు

ఇక భిలాయికి వద్దాం. స్కూట్ లాంటి వ్యవస్థలు ఒక్కసారిగా పెద్ద మార్పు చేయవు. చేస్తే పక్క కూడళ్లతో కుదిరిన పొందిక చెదిరిపోతుంది. అందుకని చుట్టును కొన్ని నిమిషాలకొకసారి, కొద్ది సెకన్ల చొప్పున పెంచుతూ పోతాయి. ఒక ఉదాహరణ చూద్దాం. మధ్యాహ్నం చుట్టు 60 సెకన్లుంది, షిఫ్టు వేళకు 120 కావాలి. ఐదు నిమిషాలకొకసారి 8 సెకన్ల చొప్పున పెంచితే ఎనిమిది అడుగులు, అంటే 40 నిమిషాలు పడుతుంది. ఈలోగా లోపలికి వెళ్లేవాళ్లు వెళ్లిపోతారు, బయటికి వచ్చేవాళ్లు ఇల్లు చేరి అన్నం తింటూ ఉంటారు. దీపం అప్పుడు 120కి చేరి, ఖాళీ రోడ్డును చూసి మళ్లీ నెమ్మదిగా దిగడం మొదలుపెడుతుంది!

పట్టిక సిగ్నల్‌కు ఈ బాధ లేదు. ఒకటీ నలభైకే అది తన షిఫ్టు పట్టికలోకి మారి సిద్ధంగా ఉండగలదు. దానికి కళ్లు లేకపోయినా ఊరి సంగతి తెలుసు. ముందే తెలిసినదాన్ని కెమెరాలు పెట్టి మళ్లీ కనిపెట్టడం దేనికి?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇప్పటి వ్యవస్థల్లో ఫలానా వేళకు కనీసపు చుట్టు ఇంత ఉండాలని ముందే చెప్పిపెట్టవచ్చు. అంటే కళ్లున్న దీపానికి పట్టికను కూడా జతచేయవచ్చు. బాగా నడుస్తున్న చోట ఇంజనీర్లు చేసేదీ ఇదే. కాని గమనించారా, ఇలా చేయాలంటే షిఫ్టు వేళలు, రద్దీ నిష్పత్తులు లెక్కవేసిన మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి ఉంటే పట్టికా బాగానే ఉండేది.

భిలాయికంతా ఈ వాదన వర్తించదు. సెక్టార్లలోని సెంట్రల్ అవెన్యూ సంగతి వేరు, జీఈ రోడ్డు సంగతి వేరు. జీఈ రోడ్డు దుర్గ్ నుంచి రాయపూర్ దాకా సాగే జాతీయ రహదారిలో భాగం. అక్కడి లారీలకు మన షిఫ్టు వేళలతో పనిలేదు. లారీ చెడిపోయినా, వాన ముంచెత్తినా, దసరా రోజు రావణ దహనానికి జనం కదిలినా ఏ పట్టికకూ ముందు తెలియదు. అలాంటి చోట రద్దీని చూసి మారే సిగ్నల్ నిజంగా పనికొస్తుంది. ఇటీవలి ఏళ్లలో ఆ రోడ్డు మీద పవర్‌హౌస్, సుపేలా కూడళ్ల దగ్గర ఫ్లైఓవర్లు వచ్చాయి. నేరుగా పోయే బండ్లు పైకెక్కితే కింద మిగిలేవి తిరిగే బండ్లు, ఆటోలు, రోడ్డు దాటే జనం. ఒక్క రోజులో నిష్పత్తులన్నీ మారిపోతాయి. అలాంటప్పుడు పాత పట్టిక అబద్ధమవుతుంది, కళ్లున్న సిగ్నల్ సర్దుకుంటుంది. రద్దీని బట్టి మారే వ్యవస్థకు నేను ఇచ్చే మంచి మార్కులన్నీ ఇక్కడే. మనం పట్టికను తిరగరాయడం మరిచిపోయినా అది తనంతట తాను కొంత సర్దుకుంటుంది.

కంటికి ఆననివాళ్లు

నా అసలు అభ్యంతరం ఇప్పుడు చెబుతాను. ఈ కళ్లు ఎవరిని చూస్తాయి?

రోడ్డులో పాతే లూపు అంటే తీగచుట్ట. దాంట్లో ఏకాంతర విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటుంది. కారు పైకి రాగానే దాని అడుగునున్న లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి తీగచుట్ట ప్రేరకత్వం తగ్గుతుంది. ఫలితంగా పౌనఃపున్యం మారుతుంది, పెట్టె 'ఒక వాహనం' అని రాసుకుంటుంది. ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రమే. సైకిలుకు లోహం తక్కువ. దాని చక్రం సరిగ్గా తీగ మీదుగా వెళ్తే తెలుస్తుందేమో గాని, మధ్యలోంచి వెళ్తే తెలియకపోవచ్చు. దేశానికి రైలు పట్టాలు అందించే ఊళ్లో, ఆ పట్టాలు తయారుచేసి ఇంటికెళ్లే కార్మికుడి ఉక్కు సైకిలు సిగ్నల్ కంటికి ఆనకపోవడం ఎంత విడ్డూరం! తీగచుట్టకు బదులు కెమెరా పెడితే కొంత నయమే, కాని లారీ వెనక నక్కిన నాలుగు సైకిళ్లు కెమెరాకూ కనబడవు. పైగా లేన్ల క్రమం పాటించే దేశాల కోసం చేసిన లెక్కలు మన గుంపు రాకపోకలకు నేరుగా అతకవు. ఈ ఇబ్బంది గ్రహించే తిరువనంతపురంలోని సీడాక్ సంస్థ మన మిశ్రమ రాకపోకల కోసం కోసికాస్ట్ అనే పద్ధతిని రూపొందించింది. 2024లో బెంగళూరులో వచ్చిన వ్యవస్థ దాని మీద ఆధారపడినదే. దిగుమతి చేసుకున్న పెట్టెలకంటే ఇది సరైన దారి అని నా అభిప్రాయం.

కనబడినా లెక్కలో విలువెంత? భారత రోడ్డు కాంగ్రెస్ 1990 మార్గదర్శకాల్లో సైకిలుకు ఇచ్చిన విలువ కారులో సగం లేదా అంతకంటే తక్కువ. రోడ్డు మీద అది ఆక్రమించే చోటును బట్టి చూస్తే అది సబబే. అయితే దీపం తగ్గించేది 'వాహనాల ఆలస్యం' కనుక, ఒక్కడు కూర్చున్న కారు నిరీక్షణకు సైకిలు తొక్కే మనిషి నిరీక్షణ కంటే రెట్టింపు విలువ వచ్చింది. ఇక నడిచేవాళ్లు? వాళ్లు ఈ సూత్రంలో ఎక్కడా లేరు. మధ్యాహ్నపు 31 సెకన్ల చుట్టును మళ్లీ తీసుకోండి. 14.4 మీటర్ల రోడ్డు దాటడానికి సెకనుకు 1.2 మీటర్ల వేగంతో 12 సెకన్లు పడుతుంది. సెక్టార్ 9 ఆస్పత్రికి వెళ్లే ముసలాయన వేగం 0.9 అనుకుంటే 16 సెకన్లు. 31లోంచి వృథా సమయం తీసేస్తే రెండు దారులకూ కలిపి 21 సెకన్లే మిగులుతాయి. అందులో ఆయన ఎలా దాటాలి? పట్టికైనా, కంప్యూటరైనా నడిచేవారికి కనీస సమయం ఇంత అని ఒక మనిషి ముందుగా శాసించాలి. 'ఆలస్యం తగ్గింది' అన్న ఏ వార్తలోనూ ఆ శాసనం ప్రస్తావన నాకు కనబడలేదు.

మనకు బాగా అలవాటైన అంకెలు లెక్కపెట్టే దీపాల సంగతీ ఆలోచించండి. పచ్చదీపం ఎప్పుడు ఆరాలో ఆ క్షణంలో నిర్ణయించే సిగ్నల్, ఇంకా 23 సెకన్లుందని ముందే ఎలా చెబుతుంది? చెబితే ఇక మారడానికి వీలుండదు, మారితే చెప్పింది అబద్ధమవుతుంది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఆసక్తి కలిగించిన ప్రయత్నం ఒకటి హైదరాబాదులోనూ జరిగింది. గూగుల్ సంస్థ 'గ్రీన్ లైట్' పేరుతో 2023 నాటికి పన్నెండు నగరాల్లో చేపట్టిన పనిలో హైదరాబాదు, బెంగళూరు, కోల్‌కతా ఉన్నాయి. కూడలిలో కొత్త పరికరం ఏదీ పెట్టరు. జనం ఫోన్ల ద్వారా తెలిసే ప్రయాణ వివరాలను బట్టి, ఉన్న పట్టికలో ఈ వేళకు ఇన్ని సెకన్లు మార్చమని ఇంజనీర్లకు సలహా ఇస్తారు. అంటే ప్రపంచంలోకెల్లా పెద్ద కంప్యూటరు సంస్థ ఒకటి చేస్తున్నది పాత పట్టికను తిరగరాయడమే! ఆగిపోవడాలు '30 శాతం వరకు' తగ్గే అవకాశం ఉందని వాళ్లు చెప్పారు. ఆ 'వరకు' అన్న మాట కింద గీత గీసుకోండి. సున్నా కూడా 30 వరకు వచ్చేదే. పైగా ఫోను లేని సైకిలు మనిషి ఆ లెక్కలోకీ రాడు.

భిలాయిలో చదువుకునే వాళ్లకు ఒక పని అప్పజెబుతాను. నలుగురు మిత్రులు కలిసి, మీ ఇంటికి దగ్గరున్న సిగ్నల్ దగ్గర కాలిబాట మీద సురక్షితమైన చోట ఒక రోజు 12 నుంచి 12:30 దాకా, మళ్లీ 1:45 నుంచి 2:15 దాకా నిలబడండి. ఒకరు గడియారంతో చుట్టు కొలవాలి. ఇద్దరు చెరొక దారిలో వచ్చే వాహనాలు రకం వారీగా లెక్కపెట్టాలి. రోడ్డు వెడల్పును పక్కన కాలిబాట రాళ్ల సాయంతో అంచనా వేయండి, రోడ్డు మధ్యకు వెళ్లవద్దు. వెబ్‌స్టర్ సూత్రంతో రెండు వేళలకూ చుట్టు ఎంతుండాలో కట్టి, ఉన్నదానితో పోల్చండి. రెండు వేళల్లోనూ దీపం ఒకే చుట్టు తిరుగుతుంటే, ఆ ఊరికి ముందు కావలసింది రెండో పట్టిక. నాలుగో మిత్రుడికి వేరే పని ఉంది. దాటుదామని అంచున నిలబడ్డ ప్రతి మనిషీ, సైకిలు పట్టుకుని ఆగిన ప్రతి కార్మికుడూ ఎన్ని సెకన్లు నిలబడ్డారో అతను రాయాలి. ఆ కాగితానికి నకలు తీసి పెట్టుకోండి, ఊళ్లో కొత్త సిగ్నళ్ల వార్త వచ్చిన రోజున పక్కన పెట్టి చదవడానికి.